కారు లోపలి 'చెక్క' ట్రిమ్ పొర లేస్తోంది: క్లియర్ కొట్టించాలా, ర్యాప్ వేయించాలా, మార్చేయాలా?

పొగాకు_రోడ్డు (గుంటూరు)

అందరికీ నమస్తే. మాది 2011 సెడాన్. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే ట్రిమ్ సంగతి వదిలేసి "ఆ కంపెనీ బండ్లే అంత" అని మొదలుపెడతారు. ఇంజిన్‌కి ఢోకా లేదు, అమ్మే ఉద్దేశం లేదు.

డ్యాష్‌బోర్డు మీద అడ్డంగా ఉండే పట్టీ, గేరు చుట్టూ ఉండే ముక్క, నాలుగు డోర్లలో అద్దాల స్విచ్‌ల ప్లేట్లు, ఇవన్నీ చెక్కలా కనిపించే ప్లాస్టిక్. డ్యాష్ పట్టీ మీద పైపొర పగిలి రేకుల్లా లేస్తోంది. డోర్లవి పసుపు తిరిగాయి. గేరు దగ్గర ఉంగరం తగిలీ తగిలీ డిజైనే పోయి కింద లేత గోధుమ రంగు బయటపడింది.

యాక్సెసరీస్ షాపులో అడిగితే పైన స్టిక్కర్ కిట్ అంటించేస్తాం అన్నారు. పెయింటర్ ఏమో మొత్తం పియానో బ్లాక్ (అద్దంలా మెరిసే నలుపు) కొట్టేద్దాం అంటున్నాడు. నాన్నగారికి ఆ చెక్క లుక్కే ఇష్టం, నల్లగా చేస్తే బండి ఎక్కనంటున్నారు. ఎవరైనా చేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

తొమ్మిదో_గేరు (హైదరాబాద్)

నాన్నగారే కరెక్ట్. పియానో బ్లాక్ మీద పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలిముద్రలు, దుమ్ము, సన్నగీతలు. ఈ మధ్య కొత్త బండ్లన్నిట్లోనూ అదే కొడుతున్నారు, ఎందుకో అర్థం కాదు.

బెజవాడ_స్ప్రేగన్ (ఆటోనగర్, విజయవాడ)

గుంటూరు అన్నా, ఏం చేయించాలో తర్వాత. ముందు ఏం పోయిందో చూసుకోండి. ఆ ప్లాస్టిక్ మీద మూడు పొరలుంటాయి. అడుగున గోధుమ రంగు బేస్, దాని మీద చెక్క డిజైన్ ముద్ర, పైన క్లియర్ (రంగులేని పారదర్శక పూత). డిజైన్ ముద్ర ఉల్లిపొరంత కూడా ఉండదు, దాన్ని కాపాడేదంతా క్లియరే.

ముక్కను శుభ్రంగా తుడిచి, పాడైన చోట తడిచెయ్యి రాయండి. తడిగా ఉన్నప్పుడు పగుళ్లూ తెల్లమచ్చలూ మాయమై డిజైన్ నిండుగా కనిపించిందంటే పోయింది క్లియర్ ఒక్కటే. అలాంటి ముక్కను బాగుచేయొచ్చు. తడిపినా గోధుమ రంగే కనిపిస్తే ముద్ర పోయినట్టు. దాని మీద ఎన్ని కోట్లు క్లియర్ కొట్టినా ఆ మచ్చ ఇంకా మెరుస్తూ కనిపిస్తుంది, అంతే. మీరు చెప్పినదాన్ని బట్టి గేరు ముక్క ఈ రెండో రకం. డోర్లు, డ్యాష్ మొదటి రకం కావచ్చు. పరీక్ష చేసి చెప్పండి.

ఆ స్టిక్కర్ కిట్ మాత్రం ఇప్పుడే వద్దు. కింద పొర లేస్తుంటే దాని మీద అంటించింది కూడా ఆ పొరతోపాటే లేచి వస్తుంది.

లావణ్య_కేపీహెచ్‌బీ (హైదరాబాద్)

పైన చెప్పింది నిజం. ఇంకొకటి. ఆ కిట్లలో రెండు రకాలున్నాయి. పల్చటి వినైల్ (అంటించే ప్లాస్టిక్ ఫిల్మ్) ఒకటి, పైన జెల్లీలా ఉబ్బెత్తుగా రెసిన్ పోసినది ఇంకొకటి. రెండోది మందంగా ఉంటుంది. గ్లవ్‌బాక్స్ మూత అంచు దగ్గరా, కప్ హోల్డర్ మూత దగ్గరా ఆ మందానికి చోటు చాలక రాసుకుంటుంది. పైగా మన ఎండలకి దాని జిగురు మెత్తబడి, మూలలు లేచి, కింద బంక మిగులుతుంది.

నేను మా హ్యాచ్‌బ్యాక్‌లో ముక్కలు ఊడదీసి మంచి వినైల్ ర్యాప్ వేసుకున్నాను. కారు పైన వేసే కాస్ట్ వినైల్ సుమారు 90 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి అంచుల్లో ఇరుక్కోదు. త్రీఎం, ఎవరీ డెన్నిసన్ లాంటి కంపెనీల రోల్స్ ముక్కల్లెక్కన కూడా దొరుకుతాయి. చెక్క డిజైన్ కావాలంటే మాత్రం కార్ వినైల్స్‌లో తక్కువ. త్రీఎం డై-నాక్ అని ఆఫీసుల గోడలకీ తలుపులకీ వేసే ఫిల్మ్ ఉంది, అందులో చెక్క రకాలు బోలెడు. కాకపోతే గట్టిగా ఉంటుంది. చదును ముక్కలకి బాగుంటుంది, గేరు చుట్టూ ఉన్న గుంతల్లో మొండికేస్తుంది.

పాతబెంజ్_ప్రేమికుడు (న్యూజెర్సీ)

డై-నాక్ పేరు ఎత్తారు కాబట్టి ఒక చిన్న పిట్టకథ. ఇక్కడ అమెరికాలో ఒకప్పుడు స్టేషన్ వ్యాగన్ల ఒంటికే చెక్క ఉండేది, నిజం చెక్క. అది వానకీ ఎండకీ పాడవుతుంది, ఏటా వార్నిష్ వేయాలి. ఫోర్డ్ వాళ్ల కంట్రీ స్క్వైర్ 1952 మోడల్‌కి ఒళ్లంతా ఉక్కు అయిపోయింది, దాని మీద చెక్క బొమ్మ ఉన్న డై-నాక్ ఫిల్మ్ వచ్చింది. 1991లో ఆ బండి ఆగిపోయేదాకా దొంగచెక్క అలాగే సాగింది. కాబట్టి మీ నాన్నగారి అభిరుచికి పెద్ద వంశమే ఉంది.

అసలు విషయం. మీ ముక్క ప్లాస్టిక్కేనా, పైన నిజం చెక్క పలక ఉందా అన్నది కూడా ఒకసారి చూసుకోండి. నా దగ్గర పాత బెంజ్ డబ్ల్యూ124 ఉంది, అందులో జీబ్రానో అని చారల చెక్క, నిజమైన వెనీర్ (పల్చటి చెక్క పొర). పైన లక్క పగిలితే అది కూడా మీరు చెప్పినట్టే కనిపిస్తుంది. ఫోన్ కెమెరాని బాగా దగ్గర పెట్టి ఫోటో తీసి పెద్దది చేయండి. చుక్కలు చుక్కలుగా ఉంటే ముద్ర. మూలల దగ్గర చార సాగినట్టు, వంగినట్టు ఉంటే నీళ్లలో ముంచి వేసిన ముద్ర. నిజం చెక్క మూల దగ్గర సాగదు.

ఇంకో సంగతి, డ్యాష్‌దీ డోర్లదీ జబ్బు ఒకటి కాదు. ముందు అద్దం రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దం, అతినీలలోహిత కిరణాల్ని దాదాపు మొత్తం ఆపేస్తుంది. డ్యాష్‌ని చంపేది వేడి. పక్క అద్దాలు మామూలుగా ఒకే గాజు, వాటిలోంచి ఆ కిరణాలు ముందు అద్దం కంటే ఎక్కువగా లోపలికి వస్తాయి. అందుకే డోర్లవి పసుపు తిరిగి, డ్యాష్‌ది పగిలి ఉంటుంది.

పొగాకు_రోడ్డు

తడిపి చూశాను. డ్యాష్ పట్టీ, నాలుగు డోర్ ప్లేట్లు తడిగా ఉంటే కొత్తవాటిలా ఉన్నాయి! గేరు ముక్క మాత్రం గోధుమ రంగే. ఫోటోలో చుక్కలే కనిపించాయి, నిజం చెక్క కాదు.

వడ్రంగి_వారసుడు (రాజమండ్రి)

ఆ దొంగచెక్క మీద ఇంత కష్టం ఎందుకండీ? టేకు వెనీర్ షీట్ తెచ్చి అతికించేస్తే సరి. అర మిల్లీమీటరు మందం, బ్లేడుతో కోయొచ్చు. ఒకసారి పాలిష్ పెడితే ఆ అందం వేరు.

ఇంకో ఐడియా, గేరు నాబ్ ఏటికొప్పాకలో చేయించుకోండి. అంకుడు చెక్క మీద లక్క రంగులు, మన ఊరి పని.

పాతబెంజ్_ప్రేమికుడు

వెనీర్ చదునుగా ఉన్నచోట, ఒకే దిక్కుకి వంగినచోట పనిచేస్తుంది. రెండు దిక్కులకీ వంగిన చోట పగులుతుంది. అద్దాల స్విచ్ ప్లేటు అంచులన్నీ అలాంటివే. ఫ్యాక్టరీల్లో అచ్చుల్లో పెట్టి నొక్కుతారు కాబట్టి వాళ్లకి కుదురుతుంది. పైగా అర మిల్లీమీటరు వెనీర్, దాని మీద నాలుగు కోట్ల క్లియర్ కలిస్తే ముక్క తిరిగి దాని గాడిలో కూర్చోదు. డ్యాష్ మధ్యలో చదును పట్టీ ఒక్కటే ఉంటే నేనూ మీ మాటే అనేవాణ్ణి.

క్యాబ్_కబుర్లు (విశాఖపట్నం)

ఏటికొప్పాక నాబ్ గురించి: చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ మాస్టారూ, లక్క వేడికే కదా కరిగి చెక్కకి పట్టేది! లేతు మీద తిప్పుతూ ఆ రాపిడి వేడితోనే పట్టిస్తారు. ఎండలో నిలిపిన కారులో డ్యాష్ 70 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నాబ్ అంత వేడెక్కకపోయినా, మధ్యాహ్నం బండెక్కి దాన్ని పట్టుకుంటే చేతికి అంటుకుంటుందేమోనని నా భయం. డ్యాష్ మీద బొమ్మగానైనా వద్దు, ఇంట్లో షోకేసులో పెట్టుకోండి.

నేను బండి నడిపి బతికేవాణ్ణి. చెప్పేదొకటే, మెరిసే ఫినిష్ వద్దు. మధ్యాహ్నం పూట గేరు చుట్టూ ఉన్న గ్లాసీ ఫినిష్ మీంచి ఎండ కంట్లో కొడుతుంది. మ్యాట్ గానీ సగం మెరుపు గానీ చేయించుకోండి.

వడ్రంగి_వారసుడు

లక్క సంగతి ఒప్పుకుంటాను. చెక్క సంగతి ఒప్పుకోను. నాబ్ మామూలు టేకుతో తిప్పించి ఆయిల్ పట్టిస్తే ఏ ఎండకీ ఏమీ కాదు.

బెజవాడ_స్ప్రేగన్

అన్నా, మీ పని సగం తేలిపోయింది. డ్యాష్, డోర్లకి క్లియర్. గేరు ముక్క వేరే కథ. క్లియర్ పని ఎలా చేయాలో చెప్తా, మీ పెయింటర్‌కి చూపించండి. చేసేవాడు కార్ బంపర్లు కొట్టేవాడై ఉండాలి. బీరువాలు కొట్టేవాడికి ఇవ్వొద్దు.

ముక్కలు ఊడదీశాక ముందు సబ్బునీళ్లు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. థిన్నర్‌తో తుడవనివ్వకండి. ఏబీఎస్ ప్లాస్టిక్‌ని అది తింటుంది, అంచులు మెత్తబడి పగులుతాయి. మీరు ఇన్నేళ్లూ డ్యాష్‌బోర్డు పాలిష్ కొట్టి ఉంటారు, అందులో సిలికాన్ ఉంటుంది. ఆ జిడ్డు మిగిలితే క్లియర్ పడగానే గుండ్రంగా చిన్న చిన్న గుంతలు పడతాయి, చేపకళ్లు అంటాం మేం. అప్పుడు మొత్తం గీకి మళ్లీ మొదటికి రావాల్సిందే. అందుకే కడగడం మీద బద్ధకించొద్దు.

లేచిన రేకుల్ని గోటితోనో ప్లాస్టిక్ ముక్కతోనో తీసేయండి. తర్వాత 600 నంబరు వాటర్ పేపర్ (గరుకు కాగితం) నీళ్లతో, చేతి బరువు లేకుండా. మంచి క్లియర్‌కీ ఊడిన చోటుకీ మధ్య మెట్టు చేతికి తగలకూడదు. అక్కడే అసలు పనితనం. ఒక్క నిమిషం ఎక్కువ రుద్దితే ముద్ర పోతుంది. నీళ్లలో గోధుమ రంగు కనిపించిందంటే ఆపేయాలి. చివర్లో 800తో మొత్తం మ్యాట్‌గా చేసుకోవాలి, మెరుపు మచ్చ మిగిలిన చోట క్లియర్ పట్టదు.

ఆ తర్వాత టూకే (రెండు భాగాలు కలిపే) క్లియర్. హార్డెనర్ కలిపేదే కావాలి. డబ్బాలో రెడీగా వచ్చే వన్‌కే స్ప్రే చాలామంది వాడతారు, చూడ్డానికి అదీ బాగుంటుంది. కానీ చేతికి శానిటైజర్ రాసుకుని ఆ ముక్క పట్టుకుంటే వేలిముద్ర పడిపోతుంది. మొదటి కోటు పల్చగా, పది పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. వానాకాలంలో ముసురు పట్టిన రోజు కొట్టించకండి, తేమకి క్లియర్ పాలిపోతుంది.

లావణ్య_కేపీహెచ్‌బీ

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. టూకే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. కరోనా అప్పటి ఎన్95 మాస్క్ పెట్టుకుని బాల్కనీలో స్ప్రే చేద్దామని ఎవరూ అనుకోవద్దు, ఆ మాస్క్ ఆవిరిని ఆపదు. పీలిస్తే ఆస్తమా వచ్చే ప్రమాదం ఉంది, ఒకసారి పడకుండా పోతే తర్వాత కొంచెం తగిలినా ఒళ్లు తట్టుకోదు. కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్, గ్లవ్స్, గాలి బాగా ఆడే చోటు ఉండాలి. లేదంటే షాపుకి ఇవ్వండి. డబ్బు మిగులుతుందని చూడకండి.

బెజవాడ_స్ప్రేగన్

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు. మా వీధిలో ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కొట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, ఎంత చెప్పినా వినరు.

నీటిముద్ర (బెంగళూరు)

గేరు ముక్క గురించి నేను చెప్తాను, నా పనే అది. చాలా కంపెనీ చెక్క ట్రిమ్ తయారయ్యేది నీటి ముద్రతోనే, హైడ్రో డిప్పింగ్ అంటారు. నీళ్లలో కరిగే పీవీఏ ఫిల్మ్ మీద డిజైన్ అచ్చువేసి ఉంటుంది. దాన్ని సుమారు 30 డిగ్రీల నీళ్ల మీద పరుస్తాం. ఓ నిమిషంలో ఫిల్మ్ మెత్తబడుతుంది. పైన యాక్టివేటర్ స్ప్రే చేస్తే ఇంకు ద్రవంగా మారి నీటి మీద తేలుతుంది. వెంటనే, వాలుగా, ఆగకుండా ముక్కని ముంచాలి. ఇంకు దాని ఒంటికి చుట్టుకుంటుంది. తీసి కడిగి, ఆరబెట్టి, క్లియర్. అంతకుముందు బేస్ రంగు వేసి ఉండాలి, చెక్కకి సాధారణంగా గోధుమ లేదా ఇటుక రంగు. మీకు బయటపడింది ఆ రంగే.

హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో ఇది చేసే చిన్న షాపులు ఉన్నాయి. ఎక్కువగా బైకు ట్యాంకులు, హెల్మెట్లు చేస్తుంటారు. చెక్క ఫిల్మ్ ఉందా అని ముందే అడగండి. మీ పాత డిజైన్ అచ్చంగా దొరకడం మాత్రం కష్టం. ఆరు ముక్కల్లో ఒక్కటి కొత్త డిజైన్‌తో ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. చేయిస్తే అన్నీ చేయించండి, లేదా ఆ ఒక్కటి వేరే రంగు చేసేయండి.

పొగాకు_రోడ్డు

మా కజిన్ డాలస్‌లో ఉంటాడు, అక్కడ ఇదే మోడల్ దొరుకుతుందట. ట్రిమ్ సెట్టు తెమ్మంటే?

పాతబెంజ్_ప్రేమికుడు

తెప్పించకండి! ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు. డ్యాష్ పట్టీ అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుంది. డ్రైవర్ డోర్‌లో నాలుగు అద్దాల స్విచ్‌లుండే పెద్ద ప్లేటు మీకు కుడివైపు కావాలి, ఇక్కడ ఎడమవైపు వస్తుంది. గేరు ముక్క కూడా చాలాసార్లు హ్యాండ్‌బ్రేక్ వైపు తేడా వస్తుంది. బయటి దేశం నుంచే తెప్పించాలంటే థాయ్‌లాండ్, మలేషియా, జపాన్, ఇంగ్లండ్ చూడండి, అక్కడ మనలాగే కుడివైపు.

క్యాబ్_కబుర్లు

దేశం దాటడం ఎందుకు? చెన్నై పుదుపేటలో పాత బండ్ల విడిభాగాలే ఒక ఊరు. ఢిల్లీ మాయాపురి కూడా అంతే. ముక్క వెనకాల అచ్చులో పార్ట్ నంబర్ ఉంటుంది, దాని ఫోటో తీసి పంపండి. నంబర్‌తో పోతే షోరూంలో కూడా ఒక్కోసారి దొరుకుతుంది. పాతది కొనేటప్పుడు వెనకాల క్లిప్పు కాళ్లు విరగలేదని చూసుకోండి. ముందు వైపు ఎంత మెరిసినా కాళ్లు లేకపోతే దండగ.

మోడరేటర్

షాపుల ఫోన్ నంబర్లు ఇక్కడ రాయొద్దు. రెండు పోస్టులు తీసేశాను.

పొగాకు_రోడ్డు

సరే, ఊడదీయడం ఎలా? స్క్రూడ్రైవర్ పెడితే పక్కన గీతలు పడతాయేమోనని టెన్షన్.

లావణ్య_కేపీహెచ్‌బీ

స్క్రూడ్రైవర్ అసలు ముట్టుకోవద్దు. ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్ సెట్టు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. చుట్టూ మాస్కింగ్ టేప్ వేసుకోండి. బండి కొంచెం వేడిగా ఉన్నప్పుడు తీయండి, చల్లగా ఉంటే పాత క్లిప్పులు టప్పున విరుగుతాయి.

మొదట బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోవద్దు. మీ డ్యాష్ పట్టీ ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ మూత మీద నుంచి గానీ, దాని అతుకు మీద నుంచి గానీ పోతుంటే అక్కడ ర్యాప్ వేయకండి. ఉబ్బెత్తు కిట్ అసలే వద్దు. బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఆ ముక్క ఎగిరొస్తుంది. స్టీరింగ్ మధ్యలో ఉన్న మూతకీ ఇదే మాట.

స్విచ్‌ల ప్లేటు సాధారణంగా వెనక అంచు నుంచి లేస్తుంది. లేవగానే లాగేయకండి, కింద వైరింగ్ సాకెట్ ఉంటుంది. కొన్ని బండ్లలో చెక్క ముక్కని డోర్ ప్యాడ్‌కి వెనక నుంచి ప్లాస్టిక్ కరిగించి బిగించి ఉంటారు. అలాంటిది ఊడదీయాలంటే ఆ బొడిపెలు కోయాలి. అప్పుడు ప్యాడ్ మొత్తం విప్పి, చుట్టూ మాస్కింగ్ చేసి, ముక్క దాని మీద ఉండగానే కొట్టించడం మేలు.

తొమ్మిదో_గేరు

ర్యాప్ వేసేవాళ్లు హీట్ గన్‌తో అంచుల్ని బాగా కాలుస్తారు కదా, ప్లాస్టిక్ వంకర పోదా?

లావణ్య_కేపీహెచ్‌బీ

మంచి ప్రశ్న. వినైల్ లాగిన చోట తిరిగి ముడుచుకోకుండా చివర్లో 95 డిగ్రీల పైదాకా వేడిచేయాలంటారు. ఏబీఎస్ సుమారు 105 దగ్గర మెత్తబడుతుంది. మధ్యలో ఉన్న చోటు చాలా తక్కువ. గన్ ఒకేచోట పెట్టకుండా తిప్పుతూ ఉండాలి. అసలు లాగాల్సిన అవసరం రాకుండా ముక్క పెద్దది కోసుకోవడం ఇంకా మంచిది. లోతు గుంతల్లో, అంచు వెనకాల ప్రైమర్ 94 (జిగురు గట్టిగా పట్టేలా చేసే ద్రవం) పల్చగా రాయొచ్చు. ముక్క మొత్తం రాయకండి, రేపు ర్యాప్ తీయాలంటే నరకం.

పొగాకు_రోడ్డు

అప్‌డేట్. డ్యాష్ పట్టీ, డోర్ ప్లేట్లు మా ఊళ్లోనే బంపర్లు కొట్టే షాపులో ఇచ్చాను, స్ప్రేగన్ తమ్ముడి పోస్టు చూపించి మరీ. మ్యాట్ క్లియర్ వేశారు. వెనక ఎడమ డోర్ ప్లేటు అంచులో కొంచెం ముద్ర పోయింది, కూర్చుని వెతికితే తప్ప కనపడదు. గేరు ముక్కకి పార్ట్ నంబర్ పట్టుకుని అడిగితే షోరూంలో లేదన్నారు. దానికి ముదురు గ్రే మ్యాట్ ర్యాప్ వేయించాను. నాన్నగారు అటూ ఇటూ చూసి "గేరు దగ్గర ఏంటి, డబ్బులు చాలలేదా?" అన్నారు. పుదుపేట నుంచి ముక్క వచ్చేదాకా ఈ మాట తప్పదు.

వడ్రంగి_వారసుడు

నాన్నగారితో నా ఓటు. ఆ ఒక్క ముక్కకైనా టేకు వేయాల్సింది.

క్యాబ్_కబుర్లు

అద్దానికి సన్‌షేడ్ పెట్టడం అలవాటు చేసుకోండి, లేకపోతే రెండు వేసవుల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు. డోర్లకి నల్ల ఫిల్మ్ వేయిద్దామంటే 2012లోనే సుప్రీంకోర్టు వద్దంది, చలానా రాస్తారు. నీడ చూసి నిలపడమే. అన్నట్టు స్ప్రేగన్ బ్రో, ఆ మ్యాట్ మీద గీత పడితే కాంపౌండ్ (గీతలు పోగొట్టే పాలిష్ పేస్టు) రుద్దొచ్చా?

బెజవాడ_స్ప్రేగన్

రుద్దకూడదు. మామూలు క్లియర్ అయితే 2000 పేపర్ పట్టి కాంపౌండ్‌తో తేల్చేయొచ్చు. మ్యాట్ మీద రుద్దితే ఆ చోట మెరుపు మచ్చ పడి ఇంకా గలీజుగా తయారవుతుంది. గీత లోతుగా ఉంటే ఆ ప్లేటు ఒక్కటి తీసి, 800తో మళ్లీ మ్యాట్ చేసి ఒక కోటు కొట్టించడమే. రోజూ తుడవడానికి తడిగుడ్డ చాలు. డ్యాష్‌బోర్డు పాలిష్ మాత్రం దాని మీద పడనివ్వకండి అన్నా, సీట్లకి కొట్టేటప్పుడు కూడా గుడ్డ మీద కొట్టుకుని రాయండి.

తొమ్మిదో_గేరు

ఇదే పద్ధతి పియానో బ్లాక్ ముక్కలకి పనికొస్తుందా? మా కొత్త బండి సెంటర్ కన్సోల్ గీతలతో నిండిపోయింది.

బెజవాడ_స్ప్రేగన్

దానికి వేరే థ్రెడ్ పెట్టండి. కొన్నిట్లో పైన క్లియరే ఉండదు, ఉత్త నల్ల ప్లాస్టిక్‌నే మెరిసేలా అచ్చుపోస్తారు. ఫోటోలు పెట్టాక చెప్తా.